సాక్షి సంతకం: ఒక క్రైస్తవ సస్పెన్స్ ప్రేమ నవలను మళ్లీ అల్లిన కేసు

రాతప్రతులు చదివి, కథ ఎక్కడ జారిపోతోందో రచయితతో కలిసి వెతకడం నా పని. తిరుపతిలో మా ఇంటి వరండాలోనే కూర్చుంటాం. ఈ కేసు రచయిత్రి అనుమతితోనే రాస్తున్నాను. ఆమె పేరు, ఇంటి వివరాలు, చర్చి, నవలలోని పాత్రల పేర్లు అన్నీ మార్చాను. చిత్తూరును, మామిడి గుజ్జు ఫ్యాక్టరీని మాత్రం మార్చలేదు. అవి తీసేస్తే చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ చుట్టుపక్కల అలాంటి ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి కాబట్టి ఎవరినీ గుర్తుపట్టే వీలూ లేదు.

నేపథ్యం

ఆమెను సలోమి అంటాను. ముప్పై దాటిన వయసు, సంసారం, ఉద్యోగం. ఆదివారం పొద్దున సండే స్కూల్లో పిల్లలకు కథలు చెబుతుంది. చర్చిలో సాక్ష్యం చెప్పడంలో, అంటే దేవుడు తనకు చేసిన మేలును అందరి ముందూ చెప్పడంలో, మంచి పేరున్న మనిషి. మైకు చేతికిస్తే పది నిమిషాల్లో అందరి కళ్లూ తడుపుతుంది. ఈ సంగతి మొదట్లో నాకు ముఖ్యమనిపించలేదు. తర్వాత కేసంతా దాని మీదే తిరిగింది.

ఆమె రాసింది క్రైస్తవ సస్పెన్స్ ప్రేమ నవల. తెలుగులో ఈ రకం అరుదు. అమెరికాలో మాత్రం దీనికి ప్రత్యేకంగా పాఠకులున్నారు. ప్రేమ నవలలు అచ్చువేసే హార్లెక్విన్ సంస్థ 2005లో లవ్ ఇన్‌స్పైర్డ్ సస్పెన్స్ అనే పేరుతో ఈ నవలల కోసమే ఒక వరుస మొదలుపెట్టింది. ఒక్కో నవల సుమారు 55 వేల పదాలు. కట్టుబాట్లు స్పష్టంగా ఉంటాయి. మొదటి పేజీల్లోనే ప్రాణం మీదికి ముప్పు రావాలి. ఆ ముప్పులోనే ఇద్దరు దగ్గరవ్వాలి. వాళ్ల విశ్వాసానికి పరీక్ష ఎదురవ్వాలి. బూతు మాట, పడకగది సీను ఉండవు. అంటే మూడు పోగుల జడ. సలోమి ఫోన్‌లో అలాంటివి పదిహేనో ఇరవయ్యో చదివి, మన చర్చిల్లో ఆడపిల్లలు చదువుకోవడానికి తెలుగులో ఇలాంటిది ఒకటుండాలని ఎనిమిది నెలలు కూర్చుని 41 అధ్యాయాలు రాసింది.

వచ్చిన సమస్య

మొదటి శనివారం చిత్తూరు నుంచి బస్సులో వచ్చి, "వందనాలక్కా" అని కూర్చుని, సంచిలోంచి నాలుగు నోటు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. ఏమైందని అడిగితే ఒకే మాట చెప్పింది.

"చదివినోళ్లందరూ బాగుంది సిస్టర్ అంటా ఉన్నారక్కా. తర్వాత ఏమైందని మాత్రం ఒక్కరూ అడగలా."

సస్పెన్స్ రాసేవాళ్లకు ఇంతకంటే కచ్చితమైన రోగ లక్షణం ఉండదు. పన్నెండు మందికి ఇస్తే చివరిదాకా చదివింది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఆమె చిన్నమ్మ.

పాత కథ ఇది. కెజియా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంది. ఒక రాత్రి హత్య చూస్తుంది. హంతకులు వెంటపడతారు. ఒక యువ ఎస్సై ఆమెను హార్సిలీ హిల్స్‌లో ఒక గెస్ట్ హౌస్‌లో దాచి కాపాడతాడు. అతను విశ్వాసి కాదు. చివర్లో బాప్తిస్మం తీసుకుంటాడు, పెళ్లవుతుంది. మధ్యలో కెజియా ఏడుసార్లు చావు అంచుకు వెళ్తుంది. ఏడుసార్లూ ప్రార్థిస్తుంది, ఏడుసార్లూ ఎవరో ఒకరు సమయానికి వస్తారు. పదిహేడో అధ్యాయంలోంచి మూడు వాక్యాలు:

"కెజియా మోకాళ్లూని కన్నీటితో ప్రార్థించింది. ఆమె హృదయం చెప్పనశక్యమైన సమాధానంతో నిండిపోయింది. అంతలో దూరంగా పోలీసు జీపు సైరన్ వినిపించింది."

భాష బాగానే ఉంది. మనసు పెట్టి రాసిందే. కానీ కెజియా హృదయం సమాధానంతో, అంటే శాంతితో, నిండిన క్షణంలోనే పాఠకురాలి హృదయమూ నిండిపోతుంది. ఇక పేజీ తిప్పాల్సిన పని ఉండదు.

మొదట చేసినవి, అవి ఎందుకు కుదరలేదు

మొదటి తప్పు నాదే. చాలామంది సంపాదకులు చేసే పనే నేనూ చేశాను. ప్రార్థనలు తగ్గించమన్నాను. ప్రతి అధ్యాయాన్నీ తలుపు చప్పుడు దగ్గరో, తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోన్ దగ్గరో ఆపమన్నాను. వేగం తగ్గిపోతోంది, ప్రార్థన దగ్గర కథ ఆగుతోంది, కాబట్టి అక్కడ కోస్తే వేగం పెరుగుతుందని నా లెక్క. ఆమె మూడు వారాలు కష్టపడి పది అధ్యాయాలు మార్చి తెచ్చింది. వేగం పెరిగింది, నిజమే. కానీ అది వేరే ఎవరో రాసిన క్రైమ్ కథలా తయారైంది. కెజియాకు భయమేస్తే పరుగెడుతుంది, అంతే. ఆమె ఎవరో తెలియదు. తలుపు చప్పుళ్లు కూడా నాలుగోసారికి అరిగిపోయాయి. అన్నిటికన్నా బాధ కలిగించింది సలోమి అన్న మాట: "అక్కా, దీన్ని మా అత్తగారి సీరియల్ పక్కన పెట్టినా తేడా తెలీదు. నేను దీనికోసమేనా మొదలుపెట్టింది?"

ఆమె చెప్పింది న్యాయం. రోగం ప్రార్థనలో ఉందని నేను అనుకున్నాను. నిజానికి రోగం ఉన్నది ప్రార్థనకు అప్పగించిన పనిలో. ఆ తేడా పట్టుకోవడానికి నాకింకో నెల పట్టింది.

రెండో ప్రయత్నంలో పోగులను విడదీశాం. ఒక అధ్యాయం ప్రమాదం, తర్వాతిది ప్రేమ, మధ్య మధ్య ఆత్మీయ పోరాటం. దేనికి చోటు దానికి ఉంటే ఏదీ రెండోదాన్ని తొక్కదని ఆలోచన. కాగితం మీద ముచ్చటగా కనిపించింది. చదివితే ప్రతి ప్రేమ అధ్యాయంలోనూ ప్రమాదం సెలవు తీసుకున్నట్టుంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్న పిల్ల హార్సిలీ హిల్స్ గాలిబండ మీద కూర్చుని చిన్ననాటి కబుర్లు చెబుతుంటే, అంత తీరిక ఉంటే అంత ప్రమాదం లేదన్నమాట అనుకుంటాడు పాఠకుడు. ఇక్కడొక పరీక్ష పనికొచ్చింది. ప్రేమ అధ్యాయాలన్నీ తీసి పక్కన పెట్టాను. సస్పెన్స్ కథకు ఏ లోటూ రాలేదు. సస్పెన్స్ తీసేశాను. ప్రేమకథ చక్కగా నిలబడింది. ఒకదాన్ని లాగితే రెండోది కూలాలి. కూలడం లేదంటే రెండు నవలలను ఒక అట్టలో కుట్టామన్నమాట.

ఎస్సై పాత్రను కూడా అప్పుడే తీసేశాం. దాని వెనక ఆలోచన చెబుతాను. ఆమె చదివిన నవలల్లో సాక్షిని మార్షల్స్ సర్వీస్ అనే కేంద్ర పోలీసు సంస్థ దాచిపెడుతుంది. అమెరికాలో 1970 నాటి చట్టంతో వచ్చిన కార్యక్రమం అది. కొత్త పేరు, కొత్త ఊరు ఇచ్చి సాక్షులను కాపాడతారు. ఆ నవలలకు అది సహజమైన నేల. మన దగ్గర సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు ఆమోదం వచ్చింది 2018 డిసెంబరులో. దానికి దరఖాస్తు పెట్టాలి, పోలీసుల నుంచి ముప్పు నివేదిక రావాలి, జిల్లా జడ్జి అధ్యక్షతన ఉన్న కమిటీ చూడాలి. పెళ్లికాని ఎస్సై ఒక్కడే ఒక ఆడపిల్లను గెస్ట్ హౌస్‌లో పెట్టి వారాల తరబడి కాపలా కాస్తే మన పాఠకురాలికి భయం వేసేది హంతకుడి గురించి కాదు, ఆ ఎస్సై గురించి. ఇంకొకటి, ఆ నవలలకు నేల ఇచ్చిన సంస్థలు మనకు లేకపోయినా భయాలకు కొదవలేదు. మన భయాలు వేరే చోట ఉంటాయి: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, చర్చి పెద్దల మీటింగులో, వాయిదా కాగితంలో.

టోకెన్ నంబరు

ఐదో శనివారం నవల మూసి పక్కన పెట్టాను. "నీకు నిజంగా భయమేసిన రోజు ఒకటి చెప్పు. రాయొద్దు, చెప్పు" అన్నాను.

సలోమి అలవాటుగా మొదలుపెట్టింది: "ప్రభువు మా నాన్నను ఎట్లా బతికించాడంటే అక్కా..."

అక్కడే ఆపాను. "బతికారని అప్పుడే చెప్పేశావు కదమ్మా."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నాకూ అప్పుడే తెలిసింది. సాక్ష్యం ఎప్పుడూ చివర నుంచి మొదలవుతుంది. చెప్పే మనిషి గట్టెక్కి, మైకు ముందు నిలబడింది కాబట్టే అది సాక్ష్యం. వినేవాళ్లకు ముగింపు ముందే తెలుసు. తెలిసిన ముగింపు కోసం స్తోత్రం చెప్పడానికే వింటారు. అది దాని అందం, దాని పని. సస్పెన్స్‌లో మనిషి ఇంకా గట్టెక్కలేదు. సలోమి ముప్పై ఏళ్లుగా కథ చెప్పడం నేర్చుకున్నదే సాక్ష్యంలోంచి. 41 అధ్యాయాలనూ ఆమె గట్టు మీద నిలబడి రాసింది.

మళ్లీ చెప్పమన్నాను, గట్టు ఎక్కకముందు నుంచి. ఈసారి ఆసుపత్రి వరండా వచ్చింది. చేతిలో టోకెన్, గోడ మీద ఎర్ర అంకెలు మారే బోర్డు. లోపల నాన్న. అన్న డబ్బు తేవడానికి వెళ్లి ఫోన్ ఎత్తడం లేదు. అంకె 109 దగ్గర అరగంట ఆగిపోయింది.

"ప్రార్థన చేశావా?"

"చేశానక్కా. కానీ మాటలు రాలా. మోకాళ్లు వేసేదానికి చోటు కూడా లేదు. బోర్డు చూస్తా, 'ప్రభువా, నూట పద్నాలుగు... ప్రభువా, నూట పద్నాలుగు' అనుకుంటా ఉన్నా. అంతే. మా టోకెన్ నంబరు అది."

నేనూ చర్చి బెంచీల మధ్య పెరిగినదాన్నే. అంత నిజమైన ప్రార్థనను నేను ఏ నవల్లోనూ చదవలేదని ఆమెతో చెప్పాను. అందులో సమాధానం లేదు, సైరన్ లేదు. అంకె మారుతుందో లేదో తెలియని మనిషి ఉంది. ఈ ప్రార్థన కథను ఆపదు. భయాన్ని ఇంకా దగ్గరికి తెస్తుంది. నవల్లో ప్రార్థనలు ఎన్ని ఉండాలన్న ప్రశ్నను ఆ రోజుతో వదిలేశాం. కెజియా ఏ క్షణంలో ఎలా ప్రార్థిస్తుంది, లేచి ఏం చేస్తుంది అన్నవే మిగిలాయి.

దేవుడి జవాబు కథలోకి ఎలా రావాలి

సలోమికి ఇంకో బెంగ ఉంది. "ప్రార్థనకు జవాబు రాకపోతే అది క్రైస్తవ నవలెట్లా అవుతుందక్కా?" నిజాయితీ గల ప్రశ్న. సాహిత్య సూత్రాలు చెబితే ఆమెకు సరిపోదని తెలుసు. బైబిల్లో ఎస్తేరు గ్రంథం తీయమన్నాను. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన కథే. ఆ గ్రంథం మొత్తంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. అయినా ప్రతి మలుపులో ఆయన చెయ్యి కనిపిస్తుంది. ఎలా? ఆరో అధ్యాయంలో రాజుకు నిద్ర పట్టదు. రాజ్య సమాచార గ్రంథం చదివించుకుంటాడు. రాణి ఎస్తేరును పెంచిన మొర్దెకై తన ప్రాణం కాపాడిన సంగతి బయటపడుతుంది. సరిగ్గా అప్పుడే, మొర్దెకై మీద పగబట్టిన మంత్రి హామాను అతన్ని ఉరితీయించే అనుమతి కోసం ఆవరణలోకి వస్తాడు. ఆ సంగతి గ్రంథంలో రాసిపెట్టింది ఎప్పుడు? రెండో అధ్యాయంలో. అప్పుడు దానికి బహుమానమేమీ లేదు, రాసి మూసేశారు. నాలుగు అధ్యాయాలు దాన్ని అందరూ మరిచిపోయారు, పాఠకుడితో సహా. మూడు రోజులు ఉపవాసం ఉండమని చెప్పిన ఎస్తేరు, ఆ తర్వాత లేచి రాజు ముందుకు తానే నడిచి వెళ్లింది.

సలోమి పెన్సిల్ తీసుకుని తన బైబిల్లో రెండో అధ్యాయం నుంచి ఆరో అధ్యాయం దాకా అంచున ఒక గీత గీసింది. "అయితే జవాబు ముందే వచ్చేసి ఉండాలి. మనకి తెలీకుండా" అంది. ఆ తర్వాత ఆ విషయంలో నేను ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మళ్లీ అల్లిన కథ

మూడు పోగులకూ ఒకే ముడి కావాలి. హత్య చూడటం ఆ ముడి కాలేదు. ఎందుకంటే అందులో కెజియా చేసిన పని ఏమీ లేదు, కంటబడింది అంతే. ఆమె తన చేత్తో చేసిన పనిలోంచి ప్రమాదం పుట్టాలి. ఇక్కడ దారి చూపింది తెలుగు భాషే. చర్చిలో చెప్పేది సాక్ష్యం. కోర్టులో చెప్పేదీ సాక్ష్యమే. దస్తావేజు మీద పెట్టేది సాక్షి సంతకం. ఒకే మాట మూడు పోగుల్లోనూ నలుగుతోంది.

కొత్త కథలో మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన ఒక పెద్దావిడ, తన ఇల్లూ రెండెకరాలూ అనాథ పిల్లల హాస్టల్‌కు రాస్తూ వీలునామా చేస్తుంది. కెజియా ఒక సాక్షి, హాస్టల్ వాచ్‌మన్ రెండో సాక్షి. 1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులుండాలి. దాన్ని కోర్టులో రుజువు చేయాలంటే, బతికి ఉన్న సాక్షుల్లో ఒక్కరినైనా పిలిపించి చెప్పించాలి. పెద్దావిడ పోయింది. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పనులు మొదలయ్యాక ఆ రెండెకరాల ధర ఎక్కడికో పోయింది. ఆవిడ తమ్ముడి కొడుకు వీలునామా నకిలీదని దావాకు దిగాడు. మొదటి అధ్యాయంలోనే వాచ్‌మన్‌ను రాత్రిపూట ఏదో లారీ గుద్దేసి వెళ్లింది. ఇక మిగిలిన సాక్షి కెజియా ఒక్కతే.

ముప్పు ఎవరి నుంచో మూడో అధ్యాయానికే పాఠకుడికి చెప్పేశాం. ఎవరు చేశారన్న ప్రశ్న మీద నడిచేది వేరే రకం కథ. మనకు కావలసింది ఈమె ఏం చేస్తుందన్న ప్రశ్న.

ఎందుకంటే కెజియా దగ్గర ఒక రహస్యం ఉంది. పెద్దావిడ సంతకం పెడుతున్నప్పుడు ఆమె చూడలేదు. ఫ్యాక్టరీలో ఆలస్యమై, ఆసుపత్రి మంచం దగ్గరికి చేరేసరికి సంతకం అయిపోయింది. చర్చి పెద్దాయన కాగితం అందించి "ఇక్కడ పెట్టమ్మా" అన్నాడు. ఆమె పెట్టబోతుంటే మంచం మీదినుంచి పెద్దావిడ వేలితో చూపించి ఒక మాట అంటుంది: "ఇది నా చేవ్రాలే తల్లీ. దీని కింద నీదీ ఉండాలని నా ఆశ." ముద్దుగా అన్న మాటలా ఉంటుంది. మూడో అధ్యాయంలో పాఠకుడు దాన్ని దాటిపోతాడు.

కెజియా మనసులో మాత్రం ఒకటే తిరుగుతుంది: నేను చూడలేదు. నిజం చెబితే వీలునామా పోతుంది, నలభై మంది పిల్లలు రోడ్డున పడతారు. చూశానంటే అబద్ధసాక్ష్యం, పది ఆజ్ఞల్లో ఒకటి మీరినట్టు. బెదిరించేవాడికి ఈ సంగతి తెలియదు. ఆమె నోరు తెరిస్తే తనకు నష్టమని వెంటపడుతున్నాడు.

గడియారం కూడా కావాలి. సివిల్ దావా ఏళ్లు సాగుతుంది. అందులో ఊపిరి బిగబట్టేదేముంది అని సలోమి భయపడింది. గడియారం ఆమె ఊళ్లోనే ఉంది. జూన్, జూలైలో తోతాపురి మామిడి సీజన్. 2025లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్న ప్రకటన వచ్చిన తర్వాత కూడా గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలిచాయి. కాయ ఎండలో మగ్గి నీరు కారుతుంటే రైతు ట్రాక్టర్ కిందే పడుకున్నాడు. కెజియా చేతిలో ఉన్నది ఆ గేటు టోకెన్ల పుస్తకం. సాక్ష్యం వాయిదా సరిగ్గా సీజన్ మధ్యలో పడుతుంది. సెలవు లేదు, రాత్రి షిఫ్టులు, ప్రతి రోజూ వందల మంది తెలియని ముఖాలు గేటు దగ్గర. అందులో ఆమె కోసం వచ్చిన ముఖం ఏది? కుళ్లుతున్న కాయ వాసన పేజీ పేజీకీ పెరుగుతుంది. అది సలోమి కళ్లారా చూసింది కాబట్టి ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది.

పాత పదిహేడో అధ్యాయం చోట ఇప్పుడున్నది ఇది. గుజ్జు నింపిన 215 కిలోల డ్రమ్ములు వరసగా పేర్చిన గోదాము. లైట్లు ఆరిపోయాయి, వెనక అడుగుల చప్పుడు.

"చెయ్యి చాచి డ్రమ్ములు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఇనుము చల్లగా తగిలింది. పక్క తలుపు పద్నాలుగో డ్రమ్ము ఎదురుగా ఉంటుంది. పదకొండు. పన్నెండు. వెనక అడుగులు ఆగాయి. 'ప్రభువా, రెండు' అంది. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు."

ఆ నోటు పుస్తకం చదివి నేను లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

ప్రేమ పోగు

బాప్తిస్మం తీసుకునే ఎస్సైని వదులుకోవడం సలోమికి కష్టమైంది. ఆమె దృష్టిలో కథలో సాక్ష్యమంతా అతనిదే. కానీ చర్చి పాఠకులు అవిశ్వాసులతో జోడుగా ఉండకూడదన్న వాక్యాన్ని మనసులో పెట్టుకునే చదువుతారు. ఆ నియమాన్ని తప్పించడానికి హీరోను చివర్లో మారిస్తే, అతను దేవుడి కోసం మారాడా, పిల్ల కోసం మారాడా అన్న అనుమానం మిగులుతుంది. మారుమనస్సుకు అది గౌరవం కాదు. ఈ మాట నేను గట్టిగానే అన్నాను.

కొత్త హీరో ఆ హాస్టల్లోనే పెరిగి అక్కడే వార్డెన్‌గా ఉన్న యువకుడు. విశ్వాసి. ప్రమాదం వీళ్లను దగ్గర చేస్తుంది, ఎందుకంటే ఆమెను రాత్రి షిఫ్టు తర్వాత ఇంటిదాకా దిగబెట్టేది అతనే. అదే ప్రేమ ప్రమాదాన్ని పెంచుతుంది కూడా: ఆమె నిజం చెబితే అతని ఇల్లు, అతని పిల్లలు పోతారు. పంతొమ్మిదో అధ్యాయంలో గేటు దగ్గర ట్రాక్టర్ల మధ్య నిలబడి అతను హాస్టల్ పిల్లలు ఆమెకు రాసిన చీటీలు ఇస్తాడు. ఆమె అప్పుడే చెప్పేద్దామని నోరు తెరుస్తుంది. చీటీ మీద వంకర అక్షరాలు చూసి మూసుకుంటుంది. ఆ అధ్యాయాన్ని ఇప్పుడు తీసేయడానికి వీల్లేదు. తీస్తే ముప్పై తొమ్మిదో అధ్యాయం నిలబడదు.

లాయరుగారు చదివాక

సగం నవలను ఒక సివిల్ లాయరుగారికి ఇచ్చాం. ఇది మొదటి నెలలోనే చేయాల్సింది. ఆలస్యం చేసినందుకు పన్నెండు అధ్యాయాలు తిరగరాయాల్సి వచ్చింది. ఆయన రెండు విషయాలు చెప్పారు.

సివిల్ కేసుల్లో సాక్షి మొదటి వాంగ్మూలం నోటితో కాదు, అఫిడవిట్ రూపంలో ఇస్తారు. లాయరు తయారుచేస్తారు, సాక్షి సంతకం పెడతారు. కోర్టులో నడిచేది ఎక్కువగా క్రాస్ ఎగ్జామినేషనే, అంటే అవతలి లాయరు ప్రశ్నలే. మేము రాసిన బోను సీను అలా జరగదు. మొదట సలోమికి దిగులేసింది. తర్వాత తనే పట్టుకుంది: "అంటే కెజియా ముందర మళ్లీ ఒక కాగితం పెడతారక్కా. మళ్లీ సంతకం!" అవును. మూడో అధ్యాయంలో చదవకుండా పెట్టిన సంతకం ముప్పై ఒకటో అధ్యాయంలో తిరిగి వచ్చింది. ఈసారి ఆమె చదువుతుంది. అందులో "నా ఎదుట సంతకం చేశారు" అని ఉంటుంది. ఎదురుగా పెద్దాయన, పక్కన వార్డెన్. ఆమె పెడుతుంది.

దీని మీద మేమిద్దరం రెండు శనివారాలు వాదించుకున్నాం. క్రైస్తవ నవల్లో హీరోయిన్ అబద్ధం మీద సంతకం పెట్టవచ్చా? సరైన మనుషులు సరైన పనులే చేస్తే భయమెక్కడిది అని నా వాదన. చర్చి ఆడపిల్లల చేతిలో పెట్టే పుస్తకం అని ఆమెది. చివరికి ఆమె ఫోన్ చేసి, "పేతురు మూడుసార్లు అన్నాడు కదక్కా యేసును ఎరగనని" అంది. సీను ఉంచాం.

రెండో విషయం నవలను నిలబెట్టింది. చట్టం ప్రకారం సాక్షి సంతకాన్ని కళ్లారా చూడాలి, లేదా ఇది నా సంతకమేనని రాసిన మనిషి స్వయంగా సాక్షితో ఒప్పుకోవాలి. రెండింట్లో ఏదైనా చాలు. సాక్షి మాత్రం ఆ మనిషి ఎదుటే సంతకం పెట్టాలి. అంటే మంచం మీద పెద్దావిడ అన్న ఆ మాట! సలోమి దాన్ని రాసింది మమకారం చూపించడానికి మాత్రమే. "ఇది నా చేవ్రాలే తల్లీ" అన్నదాంట్లో అంత బరువుందని మా ఇద్దరికీ తెలియదు. ఎస్తేరు గ్రంథంలో రెండో అధ్యాయంలో రాసిపెట్టింది ఆరో అధ్యాయంలో చదివినట్టే అయింది. కెజియా ఇన్నాళ్లూ భయపడింది సగం నిజానికి. మొత్తం నిజం చెబితే వీలునామా నిలబడే అవకాశం ఉంది. ఆమె సిగ్గుతో లాయరుకు కూడా చెప్పలేదు కాబట్టి ఎవరూ ఆ సంగతి ముందే పట్టుకోలేదు.

ఇలాంటి రాతప్రతి వచ్చినప్పుడు ఇప్పుడు చేసేవి

ప్రార్థన సీన్లను కొట్టేయడం మానేశాను. ప్రతిదాని పక్కన ఒకటే రాస్తాను: లేచాక ఏం చేసింది? జవాబు లేకపోతే ఆ సీను తిరిగి రాయాలి. రక్షణ వచ్చిన ప్రతి చోటా, దాని విత్తనం కనీసం పది అధ్యాయాల ముందు పడిందా అని వెనక్కి వెళ్లి చూస్తాను. లాయరు, డాక్టరు, పోలీసు, ఎవరి పని కథలో ఉంటే వాళ్లకు ముందే చూపిస్తాను. పోగులు తీసి చూసే పరీక్షను మొదటి వారంలోనే చేస్తాను. రచయిత కథ చెప్పడం ఎక్కడ నేర్చుకున్నారో కూడా అడుగుతాను. హరికథలోంచి వచ్చినవాళ్లు ఒకలా చెబుతారు, సాక్ష్యంలోంచి వచ్చినవాళ్లు ఒకలా. సలోమి విషయంలో ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజు అడిగి ఉంటే రెండు నెలలు మిగిలేవి.

ఇంకా తేలనిది

కొత్త ప్రతిని ఏడుగురికి ఇచ్చాం. అందులో ముగ్గురు క్రైస్తవులు కారు. ఒకావిడ రాత్రి పదకొండున్నరకు సలోమికి ఫోన్ చేసి, మిగతా నోటు పుస్తకం ఎక్కడని అడిగిందట. పాస్టరమ్మగారు అఫిడవిట్ సీను దగ్గర బాధపడ్డారు, అయినా చదవడం ఆపలేదు.

తీర్పు నవల్లో ఉండాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. గెలిపించాలని సలోమి. అఫిడవిట్‌లో ఒకటి, బోనులో ఒకటి చెప్పిన సాక్షిని జడ్జి ఎంతవరకు నమ్ముతారో చెప్పలేమని లాయరుగారు. తీర్పు కోసం రెండో భాగం రాయాల్సి వచ్చినా సరే, తొందరపడొద్దని నేను. పోయిన శనివారం ఆమె ముప్పై ఎనిమిదో అధ్యాయం నాలుగోసారి రాసి తెచ్చింది. ప్లీడరు లేచి, కాగితం పైకెత్తి, పెద్దావిడ సంతకం పెడుతుండగా మీరు కళ్లారా చూశారా అని అడుగుతాడు. వెనక బెంచీలో వార్డెన్ ఉన్నాడు. కెజియా అటు చూడదు. గోడ మీద గడియారం చూస్తుంది. అధ్యాయం ఆమె జవాబు దగ్గర ఆగుతుంది:

"చూడలేదండీ."